ముందు మహానాయకుడి వార్త

ఆ రోజు పొద్దున్నే ఉడుం తన శత్రువుని మళ్ళీ చంపాడు.

చంపి, కుర్చీలో వెనక్కి వాలి, టీ కప్పు అందుకున్నాడు. రెండో గుక్క గొంతు దిగకముందే శత్రువు లేచి కూర్చుంది. పేరు మారింది, అడ్రస్ మారింది, పైన బ్యానర్ రంగు మారింది. లోపల సరుకు మాత్రం అక్షరం పొల్లుపోకుండా పాతదే.

"ఛీ! కుక్క తోక వంకరని ఊరికే అన్నారా!" అని కప్పు బల్ల మీద కొట్టినంత పని చేశాడు.

శత్రువంటే మనిషి కాదు, వెబ్‌సైటు. సరిహద్దు అవతలి ప్రభుత్వం నడిపే ఒక చానెల్ తాలూకు వెబ్‌సైటు. ఈ దేశంలో ఆ చానెల్ని నిషేధించి చాలా కాలమైంది. ఆంక్షలు పెట్టారు, బ్యాంకు ఖాతాలు ఆపేశారు, డిష్‌లు పీకేశారు, ఆఫీసు తలుపుకి లక్క సీలు వేశారు. సీలు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. చానెల్ మాత్రం కిటికీలోంచి ఒకసారి, గోడ పగుల్లోంచి ఒకసారి వస్తూనే ఉంది. దాన్ని ఆపడమే ఉడుం ఉద్యోగం. పట్టుకుంటే వదలడని ఆఫీసులో పెట్టిన పేరది. కానీ పట్టుకోవడానికి గోడంటూ ఒకటుండాలి కదండీ! పొగని పట్టుకోమంటే ఎవడు మాత్రం ఏం చేస్తాడు?

ఇంటర్‌కమ్ మోగింది. "ఉడుం, పైకి రా. వెంటనే."

చీఫ్ గదిలో కర్టెన్లు మూసి ఉన్నాయి. ప్రొజెక్టర్ వెలుగుతోంది. చీఫ్ పక్కన లీగల్ అడ్వైజర్ ఒక ఫైలుని పసిబిడ్డలా గుండెకి అదుముకుని కూర్చున్నాడు. ఆయన్ని చూడగానే ఉడుంకి ఒళ్ళు మండింది. ఈయన ఉన్న గదిలో ఇంతవరకూ ఏ పనీ జరిగి ఎరగదు.

"టార్గెట్ ఒక న్యూస్ ఏజెన్సీ," అన్నాడు చీఫ్. "కొత్తది. చిన్న చిన్న లోకల్ చానెళ్ళకి సాయంత్రం ఆరు గంటల బులెటిన్ ఉచితంగా ఇస్తోంది. వండి వడ్డిస్తోంది. ఏ చానెల్ లోగో ఆ చానెల్‌కి వాళ్ళే అతికించి మరీ పంపుతారు. చానెలోడు కుళాయి తిప్పినట్టు తిప్పి వదిలేస్తాడు."

"వంట ఎక్కడ?"

"అవతల. చదివే మొహం మనది, భాష మనది. చూసేవాడికి అది మన ఊరి వార్తే."

"నిషేధం ఉందిగా సార్!"

లీగల్ అడ్వైజర్ గొంతు సవరించుకున్నాడు. "నిషేధం చానెల్ మీద. ఈ ఏజెన్సీ పేరు ఆర్డర్లో లేదు. చేర్చాలంటే కమిటీ కూర్చోవాలి. చైర్మన్ గారు సెలవులో ఉన్నారు."

"ఏజెన్సీ ముసుగులో ఉన్నది ఆ చానెలేనని మనకి తెలుసుగా!"

"తెలియడం వేరు, రుజువు వేరు. వాళ్ళ లోగో తెర మీద కనపడనివ్వండి, ఒక్క ఫోన్‌తో అన్నిటినీ ఆపిస్తాను. ఏదీ, ఎక్కడుంది లోగో?"

ఉడుం పళ్ళు నూరుకున్నాడు. చీఫ్ ప్రొజెక్టర్ మీట నొక్కాడు. "ఇది ఇవాళ్టి బులెటిన్లో వెళ్ళబోయే ఐటమ్. మన డబుల్ ఏజెంట్ నెమలి దొంగతనంగా ఫోన్‌తో తీసి పంపింది. చూడు."

తెర మీద నగరానికి నీళ్ళందించే ఫిల్టర్ ప్లాంటు. తెల్ల కోటు వేసుకున్న ఒకావిడ కెమెరా వైపు చూస్తూ మాట్లాడుతోంది. "నీళ్ళలో విషం కలిసిన మాట నిజమే. బయట పెట్టొద్దని పైనుంచి ఒత్తిడి వచ్చింది."

ఉడుం లేచి నిలబడ్డాడు. ఆవిడ అతని సొంత అక్క. ప్లాంటులో చీఫ్ కెమిస్టు. మొహం అక్కదే, గొంతు అక్కదే, మాట చివర చిన్నగా దగ్గడం కూడా అక్కదే. మాటలు మాత్రం ఆవిడ జన్మలో అననివి.

"పోయినేడు ఇంకో ఊళ్ళో ధాన్యం గోదాము మీద ఇలాంటిదే వదిలారు," అన్నాడు చీఫ్, గొంతు తగ్గించి. "గంట తిరక్కుండా జనం వచ్చి గోదాము తగలబెట్టారు. కాపలా మనిషి లోపలే ఉండిపోయాడు. నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ, వీళ్ళ పద్ధతిలో ముందు పొగొస్తుంది. నిప్పు జనమే తెచ్చి పెడతారు."

"పోలీసులు?"

"ఇద్దరు కానిస్టేబుళ్ళని పంపుతామన్నారు. ఇంకా కావాలంటే గొడవ మొదలయ్యాక కబురు పెట్టమన్నారు."

"మనమే ముందు ఖండిస్తే?"

"రాని వార్తని ఖండిస్తే, ఇంకా తెలియనివాళ్ళకి కూడా మనమే చెప్పినట్టవుతుంది," అన్నాడు లీగల్ అడ్వైజర్. ఆ ఒక్క మాటా నిజమే కావడంతో ఉడుంకి ఇంకా మండింది.

కారిడార్లోకి వచ్చి అక్కకి ఫోన్ చేశాడు. కేసు వివరాలు ఇంట్లోవాళ్ళకి చెప్పకూడదని రూలు. రూలు గాడిదగుడ్డు అనుకుని మొత్తం చెప్పేశాడు. "సాయంత్రం క్వార్టర్స్‌లో ఉండకు అక్కా. బావని తీసుకుని మా ఇంటికి వచ్చెయ్."

అవతల పంపులు హోరుమంటున్నాయి.

"నేననని మాటకి నేను పారిపోవడమేంట్రా?" అంది అక్క. "ఇవాళ నేను గేటు దాటితే అన్నట్టే లెక్క. పైగా సాయంత్రం డ్యూటీ నాది. ఊరికి నీళ్ళాపేసి నీ ఇంట్లో కూర్చుని టీవీ చూడమంటావా?"

"అక్కా, మొండికెయ్యకు. వచ్చేవాళ్ళు నీ మాట వినడానికి రారు."

"తెలుసురా. బావకి చెప్పకు, బీపీ పెరుగుతుంది. నువ్వు నీ పని చూడు, నేను నా పని చూస్తాను." పెట్టేసింది.

స్టోర్స్‌లో గుమాస్తా ఫారాలన్నీ నింపించుకుని సాయంత్రానికి ఒక పెన్ను ఇచ్చాడు. "జామర్. వెనక బటన్ నొక్కితే గదిలోంచి చీమంత సిగ్నల్ కూడా బయటికి పోదు. పోగొడితే జీతంలో కట్." ఉడుం పెన్ను జేబులో పెట్టుకున్నాడు, మీసం అంటించుకున్నాడు, ఏసీ మెకానిక్ యూనిఫామ్ తొడుక్కున్నాడు, పనిముట్ల పెట్టె పట్టుకున్నాడు. అద్దంలో చూసుకుంటే నిజంగా ఈ ఉద్యోగమే హాయిగా ఉండేదేమో అనిపించింది. ఏసీ ఒకసారి బాగైతే కొన్నాళ్ళు బాగానే ఉంటుంది కదా!

ఏజెన్సీ ఒక పెద్ద కమర్షియల్ కాంప్లెక్స్ పై అంతస్తులో ఉంది. లిఫ్టులో ఒకే ఒక మనిషి. మొహంలో సగాన్ని మింగేసిన నల్ల కళ్ళద్దాలు, మెడలో నీలాకుపచ్చ సిల్కు స్కార్ఫ్, లిఫ్టు నిండా ఖరీదైన సెంటు వాసన.

"ఈ లిఫ్టు పైదాకా వెళ్తుందా అమ్మా?" అన్నాడు ఉడుం. అది కోడ్.

"వెళ్తుంది. దిగి రావడమే కష్టం." అది జవాబు.

నెమలి ఒకప్పుడు పెద్ద చానెల్లో వార్తలు చదివేది. వయసు పెరిగిందని వాళ్ళు తీసేశారు. ఇప్పుడు ఏజెన్సీకి వార్తలు చదువుతూ ఒక జీతం, చీఫ్‌కి కబుర్లు మోస్తూ ఇంకో జీతం తీసుకుంటోంది.

"నువ్వు ఇవాళ ఎటువైపు?" అని అడిగాడు ఉడుం.

"లిఫ్టులో ఉన్నంతసేపూ నీ వైపే."

"ఆ నీళ్ళ వార్త చదివింది నువ్వేనా?"

"పొద్దున్నే రికార్డు చేయించారు."

"అందులో ఉన్నావిడ ఎవరో తెలుసా నీకు?"

"తెలుసుకోను. తెలిస్తే నోరు పెగలదు." నెమలి స్కార్ఫ్ సర్దుకుంది. "నా మీద కళ్ళెర్ర చేసి ఏం లాభం? మా పెద్దాఫీసు సంగతి నీకేం తెలుసు! వాళ్ళ దేశంలో ఏ బులెటిన్ అయినా ముందు మహానాయకుడి వార్తతోనే మొదలవ్వాలి. ఆయన మొహం మీద ఇంకో లోగో పడకూడదు, ఆయన వార్త మధ్యలో కొయ్యకూడదు. ఒక ఎడిటర్ పొరపాటున ఆటల వార్త ముందు వేశాడట. ఇప్పుడెక్కడున్నాడో వాళ్ళావిడకే తెలీదు."

"మీ బులెటిన్లో ఆ మహానుభావుడు కనపడడేం?"

"మాది దొంగవేషం కదా! ఆయన కనపడితే గుట్టు రట్టవుతుందని తీసేస్తారు."

"ఎవరు తియ్యమన్నారు?"

"ఎవరో! ఆయన్ని తియ్యమని కాగితం మీద రాసే ధైర్యం ఎవడికుంది? అంతా నోటిమాటే."

లిఫ్టు ఆగింది. ఉడుం ఆ మాట సరిగా చెవిన పెట్టలేదు. బుర్రంతా జేబులో పెన్ను మీదే ఉంది.

స్టూడియోలో ఒక గోడ నిండా టీవీలు. ఒక్కో దాంట్లో ఒక్కో లోకల్ చానెల్. వాటి ముందు ఒక లావుపాటి ఆపరేటర్ కాళ్ళు చాపుకుని చిన్న టీవీలో పాటలు చూస్తున్నాడు.

"ఏసీ బానే ఉందిగా?" అన్నాడు.

"బాగున్నప్పుడే చూసుకోవాలి సార్. పాడయ్యాక ఎవరైనా చూస్తారు."

ఉడుం స్టూలెక్కి పెన్ను బటన్ నొక్కాడు. చచ్చింది. ఏది? అతని సొంత ఫోన్! గోడ మీద టీవీలన్నీ కళకళలాడుతూనే ఉన్నాయి. మళ్ళీ నొక్కాడు. ఫోన్ తెర మీద మిగిలిన కాస్త వెలుగూ ఆరిపోయింది. స్టోర్స్ గుమాస్తాని మనసులో తిట్టరాని తిట్లు తిట్టి, సీలింగ్ పలక తీసి, కనపడిన వైర్లలో అన్నిటికన్నా లావుపాటి దాన్ని కటింగ్ ప్లేయర్‌తో తెంపేశాడు.

"అయ్యో! ఏం చేశావయ్యా?" అని ఆపరేటర్ లబోదిబోమన్నాడు. "నా పాటలు పోయాయి!"

"పాటలేనా సార్? మీ ఆఫీసు పనేం ఆగలేదు కదా?"

"ఆఫీసు పని ఇక్కడెక్కడుంది! పొద్దున రికార్డు చేసింది అప్పుడే పెద్దాఫీసుకి పంపేశాం. ఆరింటికి వాళ్ళక్కడ మీట నొక్కితే ఇక్కడ అన్ని చానెళ్ళలో వచ్చేస్తుంది. మేం కూర్చునేది జీతానికి."

ఉడుంకి నిజంగా ఏడుపొచ్చింది. సరిహద్దు అవతల, వేరే దేశంలో, ఎవడో నొక్కే మీట! ఇక్కడ వైర్లు కొరుకుతూ తనేం పీకుతున్నట్టు? గోడ గడియారంలో ఆరు కావడానికి ఇంకెంతో లేదు. అక్క ఈపాటికి పంపుల గదిలో ఉంటుంది. గేటు దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్ళు, వాళ్ళూ వచ్చి ఉంటేనే. స్టూలు దిగాడు.

అప్పుడు కనపడింది మూల బల్ల మీద మీగడ రంగు ఫోన్. దానికి అంకెలు లేవు.

"ఇదేం ఫోన్ సార్?"

"పెద్దాఫీసు లైను. ఎత్తితే చాలు, అవతల పలుకుతారు. మేం దాని జోలికి పోం. ఎత్తినవాడి నెత్తిన ఏదో ఒక తప్పు పడుతుంది. వాళ్ళకి తప్పంటే అంత భయం."

తప్పంటే భయం. కాగితం మీద ఎవడికీ రాసే ధైర్యం లేదు. నోటిమాట. లిఫ్టులో చెవిన పెట్టని మాట ఇప్పుడు గంట కొట్టినట్టు వినపడింది.

"సార్, బాల్కనీలో యూనిట్ దగ్గర ఒకరు నిలబడాలి. లేకపోతే నీళ్ళన్నీ మీ మిషన్ల మీద కారతాయి."

ఆపరేటర్ తిట్టుకుంటూ బాల్కనీలోకి వెళ్ళాడు. ఉడుం వెనకే బాల్కనీ తలుపుకి గడియ పెట్టి ఫోన్ ఎత్తాడు.

"కంట్రోల్ రూమ్," అని ఆవలిస్తూ ఒక గొంతు వాళ్ళ భాషలో పలికింది.

ఆ భాష ఉడుంకి తన భాషంత బాగా వచ్చు. ఏళ్ళ తరబడి వాళ్ళ బులెటిన్లు వింటే రాక చస్తుందా? అందులో పెద్దవాళ్ళు చిన్నవాళ్ళని ఎలా మందలిస్తారో కూడా తెలుసు.

"ముందు లేచి నిలబడి మాట్లాడు."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"ఆరు గంటల బులెటిన్ నా ముందుంది. మహానాయకుడి వార్త ఎక్కడ?"

"అయ్యా, ఇది బయటి దేశానికి వెళ్ళే బులెటినండీ. ఇందులో ఉండదు."

"ఎవరు తియ్యమన్నారు?"

"అది... అందరికీ తెలిసిందేనండీ."

"మంచిది. అందరి పేర్లూ రాసుకుంటాను. ముందు నీ పేరు చెప్పు."

"నా పేరెందుకండీ! నేను మీట నొక్కేవాణ్ణి. సూపర్‌వైజర్ గారిని పిలుస్తాను, ఆయన్ని రాసుకోండి."

సూపర్‌వైజర్ గొంతు లైన్లోకి వచ్చేసరికే తడారిపోయి ఉంది. "చిత్తం. ఇది ఎప్పటినుంచో ఉన్న ఏర్పాటండీ."

"కాగితం ఉందా?"

"కాగితం అంటే..."

"అంటే లేదు. మహానాయకుడి కన్నా నీళ్ళ ట్యాంకు ముఖ్యమని నువ్వే తేల్చేశావన్నమాట."

"అయ్యో, అపచారం! నేనా? నాకు పిల్లలున్నారండీ!" ఆగి, అనుమానంగా అడిగాడు. "ఇంతకీ తమరెవరండీ?"

ఉడుం గొంతు ఇంకాస్త పెంచాడు. "నన్ను ఎవరని అడిగిన మొదటి మనిషివి నువ్వే. అది కూడా రాసుకుంటున్నాను."

"వద్దు వద్దు! ఇప్పుడే చేర్పిస్తున్నాను. ఇవాళ ఆయన ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ప్రారంభించారండీ. పూర్తి నిడివి వేయిస్తాను. జాతీయగీతంతో సహా!"

"ఆయన మొహం మీద ఆ ఊరూ పేరూ లేని చానెళ్ళ లోగోలు పడతాయా?"

"ప్రాణం పోయినా పడనివ్వం. మన లోగోనే వేయిస్తాం."

ఉడుం ఫోన్ పెట్టేస్తుండగా తలుపు ధడాల్న తెరుచుకుంది. ముందు సెక్యూరిటీ గార్డు, వెనక నెమలి. బాల్కనీ తలుపుని ఆపరేటర్ దబదబా బాదుతున్నాడు.

"ఎవడ్రా నువ్వు? ఆ ఫోనెందుకు ముట్టుకున్నావ్?" గార్డు చెయ్యి నడుం దగ్గరున్న తుపాకీ మీదికి వెళ్ళింది.

నెమలి నల్లద్దాలు తీసింది. ఉడుంని చూసింది, ఫోన్‌ని చూసింది, గడియారాన్ని చూసింది. ఆవిడ ఎటు ఒరుగుతుందో ఆవిడకే తెలియనట్టుంది.

"నేనే పిలిచానయ్యా," అంది చివరికి. "ఏసీ మనిషి. పెద్దాఫీసు ఫోన్ మోగుతుంటే నువ్వెక్కడ చచ్చావ్? అతను ఎత్తబట్టి సరిపోయింది, లేకపోతే నీ ఉద్యోగం ఊడేది."

గార్డు నీళ్ళు నములుతూ బయటికి నడిచాడు.

"నా మాట విన్నావన్నమాట!" అంది నెమలి ఉడుంతో, నమ్మలేనట్టు. "ఇన్నేళ్ళూ అందరూ నా మొహం చూసినవాళ్ళే."

ఆరయింది.

గోడ మీది టీవీలన్నిట్లో ఒక్కసారే జాతీయగీతం మోగింది. ఈ దేశానిది కాదు. మూలన ఎర్రగా, అరచేతంత, నిషేధించిన చానెల్ లోగో. మధ్యలో మహానాయకుడు కత్తెర పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. ఆయన ట్రాక్టర్ ఎక్కాడు. గేర్లెన్ని ఉన్నాయని అడిగాడు. ఇంజనీరు ఒక్కో గేరు గురించీ వివరంగా చెప్పసాగాడు.

ఏజెన్సీ ఫోన్లన్నీ ఒకేసారి గోల పెట్టాయి. "మా లోగో ఏదయ్యా?" "మా లైసెన్సు పోతుంది!" "ఈ మొహం ఎవడిదయ్యా మా చానెల్లో?" అక్కడ చీఫ్ గదిలో లోగో కళ్ళారా చూసిన లీగల్ అడ్వైజర్, జీవితంలో మొదటిసారి కమిటీ లేకుండా ఫోన్ ఎత్తాడు. ఒక టీవీలో ఉన్నట్టుండి సబ్బు ప్రకటన వచ్చింది. ఇంకోటి నల్లబడింది. తర్వాత వరసగా ఒకదాని వెనక ఒకటి. ఉడుం పెదాలు కొరుక్కుంటూ లెక్కపెడుతున్నాడు.

ఒక్కటి మిగిలింది. ఆ చానెల్ కుర్రాళ్ళు కుళాయి తిప్పేసి టీ తాగడానికి పోయినట్టున్నారు. ఇంజనీరు ఆఖరి గేరు దగ్గరికి వచ్చాడు. మహానాయకుడు చెయ్యి ఊపాడు. చప్పట్లు అయిపోయాయి.

"ఎవడైనా వచ్చి ఆపండ్రా!" అని ఉడుం టీవీ మీదికి అరిచాడు. వినేవాడెవడు?

తెర మీద నెమలి ప్రత్యక్షమైంది. చక్కగా నవ్వింది. "మన నగరం నీళ్ళలో," అంది.

తెర నల్లబడింది.

స్టూడియోలో నిలబడిన అసలు నెమలి గట్టిగా ఊపిరి వదిలింది. "నా రెండు ఉద్యోగాలూ ఒకేసారి పోయాయి," అని, నల్లద్దాలు పెట్టుకుని, లిఫ్టు వైపు నడిచింది. మళ్ళీ ఎవరికీ కనపడలేదు.

ఉడుం ఆఫీసుకొచ్చేసరికి బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి చీఫ్ రాసింది: శభాష్. రెండోది లీగల్ అడ్వైజర్ రాసింది: నిషేధించిన చానెల్ని అన్ని లోకల్ చానెళ్ళలోనూ ప్రసారమయ్యేలా చేసినందుకు సంజాయిషీ ఇవ్వవలెను. ఉడుం రెండో కాగితాన్ని ఉండ చేసి కిటికీలోంచి విసిరేసి, ఆఫీసు ఫోన్ నుంచి అక్కకి చేశాడు.

"ఎవరూ రాలేదురా," అంది అక్క. "గేటు దగ్గర కానిస్టేబుల్ ఒకడే ఉన్నాడు, వాడూ కునుకు తీస్తున్నాడు. నువ్వేం చేశావో నాకు తెలీదు గానీ..." ఉడుంకి కళ్ళు చెమర్చాయి. పంపుల హోరు హాయిగా వినపడుతోంది. "ఇదిగో, మీ బావ మాట్లాడతాడట. నాకు క్యారియర్ తెచ్చాడు."

"ఏం బావమరిదీ, టీవీ చూశావా ఇవాళ?" బావ గొంతు హుషారుగా ఉంది. "ఎవరో ఒకాయన ట్రాక్టర్ల ఫ్యాక్టరీ తెరిచాడు. అబ్బా, ఏం మనిషయ్యా! అంత పెద్దాయన స్వయంగా ట్రాక్టరెక్కి గేర్ల సంగతి కనుక్కున్నాడు! మనకీ అలాంటోడు ఒకడుంటే ఎప్పుడో బాగుపడేవాళ్ళం. మధ్యలో ఆపేశారు వెధవలు. మిగతాది ఎక్కడ చూడాలో తెలుసా నీకు?"

"తెలీదు బావా," అన్నాడు ఉడుం, తల పట్టుకుని.

"అయితే కనుక్కుని చెప్పు. గవర్నమెంటు మనిషివి, ఆ మాత్రం చెయ్యలేవా?"